కలం పేరుతో కథలు అచ్చేయడం ఎలా: నెల్లూరు, ప్రకాశం వైపు రచయితలకు సమగ్ర మార్గదర్శి

కలం పేరు పెట్టుకుందామనుకోగానే అందరూ ముందు పేర్ల వేటలో పడతారు. మంచి పేరు దొరికేదాకా నిద్ర పట్టదు. పేరు సంగతి తర్వాత చూడొచ్చు. ముందు తేలాల్సింది మీరు ఎవరికి తెలియకూడదనుకుంటున్నారన్నది. అత్తగారింట్లోనా, ఆఫీసులో పైవాళ్లకా, ఊళ్లో పాలివాళ్లకా? లేక ఎవరి భయమూ లేదు, పేరు బాగుంటుందని పెట్టుకుంటున్నారా? ఈ జవాబు దగ్గరుంటే మిగతా పనులు చకచకా తేలిపోతాయి. లేకపోతే దాచక్కర్లేని బ్యాంకు దగ్గర పేరు దాచబోయి ఇబ్బంది పడతారు, దాచాల్సిన ఫోన్ నంబరు మాత్రం పుస్తకం రెండో పేజీలో అచ్చేయించుకుంటారు.

నేను నెల్లూరులో డీటీపీ (కంప్యూటర్లో పుస్తకం పేజీలు కూర్చడం), ప్రూఫుల పని చేసేవాణ్ని. అందుకే ఇందులో కవిత్వం తక్కువ, కాగితాల గోల ఎక్కువ.

ముందు మనసులో తేల్చుకోండి

పేరు అందంగా ఉండాలని మార్చుకున్నవాళ్లు తెలుగులో కొల్లలు. సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన కిళాంబి వెంకట నరసింహాచార్యులు గోత్రం పేరు పెట్టుకుని ఆత్రేయ అయ్యారు. 1965లో దిగంబర కవులుగా బయటికొచ్చిన ఆరుగురిలో మహాస్వప్న మన లింగసముద్రం మనిషే, అసలు పేరు కమ్మిశెట్టి వెంకటేశ్వరరావు. వీళ్లు దాక్కోలేదు. ఫలానా ఆయనే అని అందరికీ తెలుసు, ఆ పేరుకు ఒక ఊపు ఉంది, అంతే. మీదీ ఇదే కోవ అయితే పేరు, ఒప్పందం, డబ్బు గురించిన భాగాలు చదువుకుంటే చాలు.

రెండో రకం ఉద్యోగస్తులు. టీచర్లు, బ్యాంకువాళ్లు, రెవెన్యూవాళ్లు. వీళ్లలో చాలామందికి ఒక అపోహ ఉంది: కలం పేరుతో రాస్తే ప్రవర్తనా నియమాలు వర్తించవని. తప్పకుండా వర్తిస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఉన్న 1964 నాటి నియమావళి అప్పుడప్పుడూ చేసే సాహిత్య రచనకు ముందస్తు అనుమతి అడగదు. కానీ ప్రభుత్వ విధానాల మీద విమర్శను ఆపే తొమ్మిదో నియమంలో సొంత పేరుతో రాసినా, పేరు లేకుండా రాసినా, మారుపేరుతో రాసినా, ఇంకొకరి పేరుతో రాసినా ఒకటేనని స్పష్టంగా ఉంది. రాష్ట్ర ఉద్యోగులకు వేరే నియమావళి ఉంది, అదీ 1964 నాటిదే. బ్యాంకులకు, కార్పొరేషన్లకు ఎవరివి వాళ్లకున్నాయి. మీకు ఏది వర్తిస్తుందో అది తెప్పించుకుని, సాహిత్యం గురించీ ప్రభుత్వ విమర్శ గురించీ ఉన్న నియమాలు రెండూ చదవండి. కథలు రాస్తానని ఆఫీసుకు ఒక కాగితం ఇచ్చి, దాని కాపీ మీద రసీదు ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోవడం నాకు నచ్చే పద్ధతి. సహోద్యోగులకు కలం పేరు చెప్పకపోతే పోయె. యాజమాన్యానికి తెలియకుండా లాగుదామంటే మాత్రం ప్రతి కథకూ టెన్షనే.

మూడో రకం ఇంటి నుంచి, ఊరి నుంచి దాక్కునేవాళ్లు. కష్టమంతా వీళ్లదే, ఎందుకంటే ఇక్కడ పట్టించేది పేరు కాదు, కథ. దాని గురించి కింద వివరంగా చెబుతాను.

ఒక మాట మాత్రం మూడు రకాలకూ వర్తిస్తుంది. చట్టం నుంచి కలం పేరు కాపాడదు. బతికున్న మనిషిని గుర్తుపట్టేలా రాసి, జరగనిది జరిగినట్టు చెప్పి పరువు తీస్తే, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ‘ఇందులోని పాత్రలు కల్పితం’ అని మొదటి పేజీలో ఒక వాక్యం వేసినంత మాత్రాన గండం గడవదు. రచయిత ఎవరో చెప్పమని ప్రచురణకర్తను కోర్టు అడిగితే చెప్పాల్సిందే.

పేరు ఎంపిక

నాలుగైదు పేర్లు రాసుకోండి. ఒక్కొక్కటీ గట్టిగా చదవండి. సభలో అధ్యక్షుడు మైకులో పిలిస్తే నవ్వొచ్చేలా ఉంటే కొట్టేయండి.

తర్వాత వెతుకులాట. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో మొదలుపెట్టిన కథల గ్రంథాలయం కథానిలయం జాబితాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఆ పేరుతో ఇప్పటికే ఎవరైనా కథలు రాశారేమో ముందు అక్కడ చూడండి. తర్వాత గూగుల్లో, ఫేస్‌బుక్‌లో, కథలు పెట్టే ప్రతిలిపి సైట్‌లో తెలుగు లిపిలోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ వెతకండి. ఇంగ్లీషు స్పెల్లింగు ఈరోజే ఒకటి ఖాయం చేసి ఎక్కడైనా అదే వాడండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) దరఖాస్తులో ఒక రకంగా, ఈబుక్ పేజీలో ఇంకో రకంగా ఉంటే పాఠకుడికి మీ పుస్తకాలు ఒకచోట కనపడవు.

నెల్లూరును గుర్తుచేసే సింహపురి, పినాకిని, విక్రమ లాంటివి తగిలించడం మనవాళ్లకు సరదా. దాక్కునే ఉద్దేశం ఉంటే వద్దు. పేరులోనే పిన్‌కోడ్ చెప్పినట్టవుతుంది. ఇంటిపేరు మొదటి అక్షరాలు, పిల్లల పేర్లు, పుట్టిన ఊరి పేరు కూడా వద్దు. ఊళ్లో వాళ్లు మొదట ఊహించేవి అవే. డాక్టర్, ప్రొఫెసర్, ఐఏఎస్ లాంటివి మీకు లేకపోతే కలం పేరుకూ ఉండకూడదు. బతికున్న వేరే రచయిత పేరును పోలిన పేరు పెట్టుకోవడం మోసమే.

ఆడపేరు పెట్టుకున్న మగ రచయితల కథ తెలుగులో పాతదే. వారపత్రికల్లో రచయిత్రుల సీరియళ్లు ఏలిన రోజుల్లో ఆ బండెక్కినవాళ్లు చాలామందే. బీనాదేవి పేరు వెనక భార్యాభర్తలిద్దరూ ఉన్నారు, అది వేరే ముచ్చట. ఈ రోజుల్లో ఒక కులం మనిషిగా, ఒక మతం మనిషిగా, అనుభవించని కష్టం అనుభవించినట్టుగా కనపడాలని పేరు ఎంచుకునేవాళ్లను చూస్తున్నాను. ఊహించి రాయడం కథకుడి హక్కు. లేని పుట్టుకను పేరులో చూపించి, పరిచయ వాక్యంలో దాన్ని రుజువు చేయబోవడం నాకు చిల్లర పనిగా తోస్తుంది. కలం పేరు కింద వేసే రెండు వాక్యాల పరిచయంలో అబద్ధం వద్దు. ‘కోస్తాలో ఉంటారు, కథలు రాస్తారు’ చాలు.

ఇంకో చిన్న సంగతి, ఇది మా డీటీపీవాళ్ల బాధ. కొన్ని పత్రికలూ ప్రెస్సులూ ఇంకా అను అనే పాత రకం తెలుగు ఫాంట్లలోనే నడుస్తాయి. ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్‌లో మీరు పంపింది అనులోకి మార్చేటప్పుడు వత్తులు, సంయుక్తాక్షరాలు చెదురుతాయి. మూడు వత్తులున్న పేరు పెట్టుకుంటే మొదటి కథకే పేరు తప్పు పడుతుంది. ప్రూఫు చేతికొస్తే కథకంటే ముందు మీ పేరు చూసుకోండి.

కథలో మిమ్మల్ని పట్టించేవి

పాత్రల పేర్లు మార్చాను, ఊరి పేరు మార్చాను, ఇంకేం భయం అంటారు. ఊరివాళ్లు పేర్లు చూసి గుర్తుపట్టరు. పని, చుట్టరికం, జరిగిన సంఘటన, ఈ మూడూ ఒకేచోట కలిసినప్పుడు గుర్తుపడతారు.

ఒక కథ తీసుకుందాం. విడవలూరు వైపు రొయ్యల గుంట. జనరేటర్‌లో పోయమని ఇచ్చిన డీజిల్ డబ్బు బావమరిది వాడేసుకున్నాడు. రాత్రి కరెంటు పోయింది, నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగాయి, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయింది, పొద్దునకల్లా రొయ్యలు చచ్చి గట్టుకు కొట్టుకొచ్చాయి. అప్పటి నుంచి అక్క పుట్టింటి గడప తొక్కలేదు. కథ బ్రహ్మాండం. పేర్లన్నీ మార్చారు. అయినా ఆ ఊళ్లో మొదటి పేరా చదివినవాడు ‘ఇది ఫలానా వాళ్ల గుంట కదనా’ అంటాడు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న, ఇంట్లో జరిగింది ఇంత వివరంగా ఎవరికి తెలుసు? ముగ్గురికి తెలుసు. ఆ ముగ్గురిలో చదువుకున్నది ఒక్కరే. అయిపోయింది.

ఇప్పుడు ఏం చేయాలి? మొదట తోచేది కారణం మార్చడం. రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చిందని రాస్తే ఎవరూ గుర్తుపట్టరు, కానీ బావమరిది తప్పు పోతుంది, కథ పోతుంది. రెండోది చుట్టరికం మార్చడం. బావమరిదిని భాగస్తుడిగా చేస్తే అక్క కోపానికి అర్థం ఉండదు. మిగిలింది పని. దాన్ని మార్చండి. అదే కథను కొండపి వైపు పొగాకులోకి తీసుకెళ్లండి. బ్యారన్‌లో, అంటే పొగాకు ఆరబెట్టే కొట్టులో, ఆకు కాలుస్తున్నప్పుడు రాత్రీ పగలూ వేడి చూసుకోవాలి. లోపల ఎండిన ఆకు జారి వేడి గొట్టాల మీద పడిందంటే బ్యారనంతా అంటుకుంటుంది. కాపలా ఉండాల్సిన బావమరిది ఆ రాత్రి లేడు. రాత్రి మేలుకోవాల్సిన పని, నమ్మినవాడు చేసిన ద్రోహం, తెల్లారేసరికి పోయిన పంట, అక్క మౌనం, అన్నీ అలాగే ఉన్నాయి. ఊరు మాత్రం వేరు.

అయితే రొయ్యలు తెలిసినవాళ్లకు పొగాకు తెలిసి ఉండదు. మాట మార్చి మాట పెట్టేస్తే ఒంగోలు వైపు పాఠకుడు రెండో పేజీలోనే పట్టేస్తాడు. సీజన్‌లో ఆ వైపు వెళ్లి ఒక బ్యారన్ దగ్గర కూర్చోండి. ఆకు కర్రలకు ఎలా కడతారో, లోపల ఎలా వేలాడదీస్తారో, రాత్రి ఎవరు లేచి పొయ్యి చూస్తారో, వేలం కేంద్రంలో బేళ్లకు ధర ఎలా పలుకుతుందో చూసి రండి. కథకు ఇది నష్టం కాదు. మీ ఇంటి గొడవ రాస్తున్నప్పుడు మీకన్నీ తెలుసు కాబట్టి సగం చెప్పకుండా వదిలేస్తారు. కొత్త పనిలోకి వెళ్లాక ప్రతిదీ చూసి రాయాల్సి వస్తుంది.

ఊరు మార్చకుండానే కుదిరే కథలూ ఉన్నాయి. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి రొట్టె అందుకున్న ఆడమనిషి గురించి రాస్తే భయం లేదు, మొహర్రం రోజుల్లో అక్కడికి లక్షల మంది వస్తారు. ఒంగోలు అద్దంకి బస్టాండ్, నెల్లూరు ట్రంకు రోడ్డు, పెన్న వంతెన, ఇవన్నీ అందరివీ. సంతపేటలో ఫలానా వీధి చివర రాతి తొట్టి ఉన్న ఇల్లు మాత్రం ఒకరిదే.

కాలం జరపడం ఇంకో దారి. పదేళ్లు వెనక్కి జరిపితే చాలా ఆనవాళ్లు చెదిరిపోతాయి. మరి అప్పటి ఫోన్లు, బస్సు చార్జీలు, కూలి రేట్లు సరిచూసుకోండి. ఇద్దరు మనుషుల్ని కలిపి ఒక పాత్ర చేయడం అన్నిటికంటే మంచి పద్ధతి, కాకపోతే ఇద్దరికీ కోపం వచ్చే ప్రమాదం ఉంది.

యాస గురించి చాలామంది అడుగుతారు: పిలకాయలు, ఏంది, ఎట్టా, యాడ అని రాస్తే దొరికిపోతామా అని. దొరకరు. అలా మాట్లాడేవాళ్లు లక్షల్లో ఉన్నారు. దాక్కోవడానికని యాసను పీకేసి పత్రిక భాష పూస్తే కథ చప్పబడిపోతుంది. పట్టించేవి వేరే ఉన్నాయి. మీ నాయనమ్మ ఒక్కతే వాడే సామెత, ఇంట్లో పెట్టుకున్న ముద్దుపేరు, మీరు వాట్సాప్‌లో రోజూ వాడే ఊతపదం. కథ పూర్తయ్యాక ఈ ఒక్క పని మీదే ఒకసారి చదివి వాటిని ఏరేయండి.

చివరికి ఒక పరీక్ష. మీ సంగతులు కొంత తెలిసిన, నోరు జారని ఒక్కరికి కథ ఇవ్వండి. బాగుందా అని అడగొద్దు. ‘ఇది ఎవరి కథ అనిపించింది?’ అని అడగండి. వెంటనే ఒక పేరు చెబితే మళ్లీ కూర్చోవాలి.

మెయిలూ ఫోనూ ఫైలూ

కలం పేరుతో కొత్త మెయిల్ తెరవండి. ప్రొఫైల్లో పేరు, ఫొటో కూడా కలం పేరువే ఉండాలి. అడ్రసు మారినా పైన అసలు పేరు కనపడే మెయిళ్లు నాకు వస్తూనే ఉంటాయి. వీలైతే వేరే సిమ్ తీసుకోండి. సిమ్ మీ అసలు పేరుతోనే ఇస్తారు, అందులో దాపరికం లేదు, ఆ నంబరు ఇంట్లో ఎవరి ఫోన్‌లోనూ ‘లక్ష్మి టీచర్’ అని సేవ్ అయి ఉండదు, అదీ లాభం. ట్రూకాలర్ చూపించేది చాలావరకు ఇతరులు సేవ్ చేసుకున్న పేరే కదా. కలం పేరు ఫేస్‌బుక్ ఖాతాకు మీ పాత నంబరు ఇవ్వొద్దు, కాంటాక్టులు చూడనివ్వొద్దు. ఇచ్చారంటే మీ ఆడపడుచుకు ‘మీకు తెలిసినవారు కావచ్చు’ అని మిమ్మల్నే చూపిస్తుంది.

వర్డ్ ఫైల్లో రాసినవాళ్ల పేరు దాగి ఉంటుంది. కామెంట్లు, దిద్దుబాట్లలోనూ కనిపిస్తుంది. పంపేముందు ఫైల్ మెనూలో ఇన్ఫో, అందులో చెక్ ఫర్ ఇష్యూస్, దాని కింద ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నొక్కి వ్యక్తిగత వివరాలు తీసేయండి. పీడీఎఫ్ చేసినా ఒకసారి ప్రాపర్టీస్ తెరిచి చూడండి. డీటీపీ షాపులో టైప్ చేయిస్తుంటే ఫైలు పేరు కూడా పట్టించుకోండి. మా దగ్గర ఫైళ్లు చాలావరకు ‘రమణమ్మ మేడం కథ ఫైనల్ 2’ అనే ఉంటాయి, అలాగే ఎడిటర్‌కి పోతాయి.

పత్రికకు పంపడం

పత్రికవాళ్లకు కలం పేరు కొత్తేం కాదు. కథ మీద కలం పేరు వేయండి. విడిగా ఒక పేజీలో అసలు పేరు, అడ్రసు, ఫోను, బ్యాంకు వివరాలు రాసి, ‘కలం పేరుతోనే ప్రచురించగలరు, అసలు పేరు, ఊరు, ఫోన్ నంబరు వేయవద్దు’ అని స్పష్టంగా చెప్పండి. ఊరు, నంబరు అని విడిగా రాయడం ముఖ్యం. కథ కింద ఫోన్ నంబరు వేయడం మన పత్రికల్లో కొన్నిటికి అలవాటు. చెప్పకపోతే వేసేస్తారు. కథ పడిన ఆదివారం పొద్దున్నుంచీ ఫోన్లే.

హామీ పత్రం మీద, అంటే ఈ కథ నా సొంతం, అనువాదం కాదు, అనుకరణ కాదు, ఎక్కడా అచ్చుకాలేదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు అనే కాగితం మీద అసలు పేరుతోనే సంతకం పెట్టండి, పక్కన కలం పేరు రాయండి. కలం పేరుతో మాత్రమే సంతకం చేసి పంపితే ఆ హామీ ఎవరిదో తెలియదు. పోటీల నిబంధనలు వేరుగా ఉంటాయి. చాలాచోట్ల కథ ప్రతి మీద ఏ పేరూ ఉండకూడదు, కలం పేరు కూడా. గెలిస్తే ఫొటో అడుగుతారు, బహుమతి సభకు రమ్మంటారు. అది ఇష్టం లేకపోతే పోటీకి పంపేముందే అడగండి.

పుస్తకం వేయడం

ప్రచురణకర్త దొరికితే ఒప్పందం మీ అసలు పేరుతో రాయించుకోండి: ‘ఫలానా, కలం పేరు ఫలానా’ అని. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లు అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకు అని చట్టం అనుకుంటుంది. నోటిమాట మీద నడిచే మన తెలుగు ప్రచురణల్లో ఇది గుర్తుంచుకోండి. దానికి తోడు ఒక వాక్యం చేర్పించండి: రచయిత రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప అసలు పేరు, ఫొటో, అడ్రసు ఎవరికీ చెప్పకూడదు. ఆడియో, సినిమా, అనువాద హక్కులు ఎవరివో కూడా అందులోనే తేల్చుకోండి.

సొంతంగా వేసుకునేవాళ్లే మనలో ఎక్కువ. లెక్క ఫారాల్లో ఉంటుంది. 16 పేజీలు ఒక ఫారం, 160 పేజీల కథల సంపుటి అంటే పది ఫారాలు. పేజీలు ఫారం లెక్కకు సరిపోయేలా చూసుకోండి, లేకపోతే ఖాళీ పేజీలకు కూడా డబ్బు కట్టాలి. డెమీ సైజు, 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) కాగితం, లామినేషన్ అట్ట మామూలుగా చాలు. అవసరాన్ని బట్టి కొద్ది ప్రతులే వేసే ప్రెస్సులు విజయవాడలో, హైదరాబాదులో, చెన్నైలో ఉన్నాయి. మొదటి పుస్తకానికి వెయ్యి కాపీలు వేయించి మంచం కింద పెట్టుకోవడం నేను ఎవరికీ చెప్పను.

పట్టుబడేది ఎక్కువగా ఇన్నర్ పేజీలోనే. తెలుగు కథల పుస్తకం ఏదైనా తెరిచి రెండో పేజీ చూడండి. పైన పుస్తకం పేరు, రచయిత. కింద మొదటి ముద్రణ, ప్రతుల సంఖ్య, వెల. ఇంకా కింద ‘ప్రతులకు’ అని ఇంటి నంబరు, వీధి, ఊరు, పిన్‌కోడ్, సెల్ నంబరు. ఆ పక్క పేజీలో అంకితం: మా అమ్మానాన్నలకు, పూర్తి పేర్లతో. ఆ తర్వాత ‘నా మాట’లో ప్రోత్సహించిన భర్తకు, హెడ్‌మాస్టరుకు కృతజ్ఞతలు. వెనక అట్ట మీద ఫొటో. కలం పేరు పెట్టుకుని ఇవన్నీ యథాతథంగా వేయించుకునేవాళ్లు ఉన్నారు. ‘నంబర్ లేకుండా పుస్తకం ఎట్టా అమ్ముడుబోతుంది నా?’ అని మా దగ్గర అడుగుతుంటారు. ప్రతులకు అన్నచోట పుస్తకాల షాపు పేరు, కలం పేరు మెయిల్ వేయండి. కావాలంటే హెడ్ పోస్టాఫీసులో పోస్ట్‌బాక్స్ అద్దెకు తీసుకోవచ్చు, అడిగి చూడండి. అంకితం ‘అమ్మకు’ అని ఊరుకోండి. ముందుమాట రాసే పెద్దాయన మీకు తెలిసినవాడైతే, ‘ఈ అమ్మాయి నా శిష్యురాలు, కావలిలో’ అని మొదలుపెట్టకుండా ముందే చెప్పుకోండి. ఆ వాక్యం ఆయనకు ఎంతో ఇష్టమైనది, ప్రేమగానే రాస్తాడు.

ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం. రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకోవాలి. గుర్తింపు కార్డు అసలు పేరుదే పెట్టాలి, పుస్తకం వివరాల్లో రచయితగా కలం పేరు ఇవ్వాలి. డబ్బు తీసుకుని నంబరు ఇప్పిస్తామనే మధ్యవర్తులకు నమస్కారం పెట్టి పంపేయండి. అలాగే 1954 చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో ప్రచురణకర్త కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. సొంతంగా వేసుకుంటే ఆ ప్రచురణకర్త మీరే. ఎవరూ పంపరు, అది వేరే సంగతి. మీరు పంపండి.

ఈబుక్ విషయం త్వరగా చెప్పేస్తాను. అమెజాన్ కిండిల్ 2016లో అయిదు భారతీయ భాషలను చేర్చినప్పుడు అందులో తెలుగు లేదు, కాబట్టి అక్కడ వేయాలనుకుంటే ముందు భాషల జాబితా చూసుకోండి. ప్రతిలిపి, గూగుల్ ప్లే బుక్స్ లాంటి చోట్ల తెలుగు నడుస్తుంది. ఎక్కడైనా పద్ధతి ఒకటే: పైకి కనపడే పేరు కలం పేరు, లోపల చెల్లింపు వివరాల్లో అసలు పేరు.

డబ్బు దగ్గర

కలం పేరు మీద రాసిన చెక్కు మీ ఖాతాలో పడదు. పాన్, బ్యాంకు, పన్ను అన్నీ అసలు పేరుతోనే. దీనికోసం గెజిట్‌లో పేరు మార్పించుకోనక్కర్లేదు. పారితోషికం, రాయల్టీ ఆదాయమే, లెక్కలో చూపించాలి. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 80క్యూక్యూబీ కింద సాహిత్య గ్రంథాల రాయల్టీకి మూడు లక్షల దాకా మినహాయింపు ఉండేది, అదీ పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి కాబట్టి మీ ఆడిటర్‌ని ఒక మాట అడగండి. పెద్ద రాయల్టీ వస్తేనే ఈ బాధ. కథలకు ఆ భయం అంతగా లేదు.

జాగ్రత్త పడాల్సింది ఫోన్‌పే దగ్గర. పుస్తకం అమ్ముతూ మీ సొంత క్యూఆర్ కోడ్ పెట్టారనుకోండి. కొనేవాడు స్కాన్ చేయగానే బ్యాంకులో ఉన్న పేరు ఇంటిపేరుతో సహా తెర మీద వస్తుంది. అట్ట మీద ఒక పేరు, ఫోన్‌లో ఇంకో పేరు. వాడు తల ఎత్తి మీ వంక చూస్తాడు. అమ్మకం షాపుకు అప్పగించండి, కమిషన్ పోతే పోనీ. ఎక్కువ పుస్తకాలు వేసే ఆలోచన ఉంటే ప్రచురణ సంస్థ పేరుతో కరెంట్ ఖాతా తెరవడం ఇంకా మంచిది. అప్పుడు తెర మీద సంస్థ పేరు కనపడుతుంది.

హక్కులు, రుజువులు

కాపీరైట్ రాసిన క్షణం నుంచే మీది, కలం పేరుతో రాసినా మీదే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు. చేయించుకోవచ్చు, కానీ ఆ రిజిస్టరు ఎవరైనా చూడగలిగేది. ఇంటి నుంచి దాక్కునేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని నిర్ణయించుకోండి. రిజిస్ట్రేషన్ లేకపోయినా రుజువులు ఉంచుకోవచ్చు: చేత్తో రాసిన చిత్తుప్రతులు పారేయకండి, ప్రతి చిత్తునూ తేదీతో మీ అసలు మెయిల్‌కు పంపుకోండి, ఎడిటర్‌తో నడిచిన మెయిళ్లు ఉంచుకోండి. రేపు ఇంకెవరైనా ఆ కలం పేరు తనదంటే ఇవే సాక్ష్యం.

హక్కు ఎన్నాళ్లుంటుందన్న దగ్గర కలం పేరుకు ఒక చిక్కుంది. సొంత పేరుతో రాస్తే రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. కలం పేరుతో వేస్తే పుస్తకం వెలువడిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు మాత్రమే. ముప్పై ఏళ్ల వయసులో పుస్తకం వేసి తొంభై దాటి బతికితే మీ కళ్లముందే హక్కు పోతుంది. ఆ గడువులోగా రచయిత ఎవరో వెల్లడైతే మళ్లీ మరణానంతరం 60 ఏళ్ల లెక్క వర్తిస్తుంది. ఆ వెల్లడి రచయితా ప్రచురణకర్తా ఇద్దరూ బహిరంగంగా చేయాలి, లేదా రచయిత వాణిజ్య కోర్టు (కమర్షియల్ కోర్టు) ముందు రుజువు చేసుకోవాలి. పిల్లలకు ఆ రాబడి అందాలనుకుంటే ఏదో ఒక రోజు మీరే నోరు విప్పాలన్నమాట.

సభలు, శాలువాలు

మన వైపు కథ పడిందంటే శాలువా వెంటపడుతుంది. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా సాహిత్య సభ అంటే వచ్చేవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే. వెళ్లకూడదనుకుంటే మొదటి పిలుపుకే వెళ్లకండి. ఒకసారి వెళ్లి రెండోసారి మానేస్తే కారణాలు వెతుకుతారు. మీ తరఫున మాట్లాడటానికి ప్రచురణకర్తనో మిత్రుడినో పంపొచ్చు. ఆ మిత్రుడే రచయిత అని పుకారు పుడుతుంది, దానికి అతను సిద్ధమేనా అడగండి. సొంత పేరు ఖాతాలోంచి మీ పుస్తకాన్ని మెచ్చుకుంటూ సమీక్ష మాత్రం రాయకండి. బయటపడినప్పుడు కలం పేరుకూ అసలు పేరుకూ రెండింటికీ మచ్చే.

‘ఆ కథలు రాసేది నువ్వేనంట కదా’ అని ఎవరైనా అడిగినప్పుడు ఏం చెప్పాలో ముందే అనుకుని ఉంచుకోండి. పెద్ద అబద్ధం అక్కర్లేదు. ‘ఎవరు చెప్పారత్తా? ఏం కథ అది?’ అని ఎదురు అడిగితే మాట వేరే దారి పడుతుంది. అడిగింది మీ ఆఫీసు అయితే, రాతపూర్వకంగా అడిగితే, అక్కడ దాటవేయడం వద్దు. నిజం రాసి ఇచ్చి, మొదట్లో రసీదు వేయించుకున్న కాగితం జత చేయండి.

ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి. ఒక కవర్లో కలం పేరు, వేసిన పుస్తకాల జాబితా, ఒప్పందాల కాపీలు, ఆ మెయిల్ పాస్‌వర్డ్, ప్రచురణకర్త నంబరు పెట్టి బీరువాలో ఆస్తి కాగితాలతో పాటు ఉంచండి. వీలునామా రాస్తే అందులో కలం పేరును, ఆ పేరుతో ఉన్న రచనల హక్కులను విడిగా రాయించండి. ‘నా స్థిరచరాస్తులన్నీ’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, ఆ పేరు మీదేనని తెలియని పిల్లలు రాయల్టీ ఎవరిని అడగాలో వాళ్లకే అర్థం కాదు.